పక్కపక్క మంచాలు, పగిలిన రెండు అపెండిక్సులు: ఒకటి కోతతో, ఒకటి కీహోల్‌తో

ఒకే వారంలో మా వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరి సంగతి ఇది. ఇద్దరికీ అపెండిక్స్ పగిలింది. ఒకరికి పొట్ట కోసి తీశాను, ఇంకొకరికి కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి తీశాను. తర్వాత ఇద్దరికీ చీము పట్టింది. ఒకరి చీము అందరి కంటికీ కనబడింది. రెండో ఆమె చీము లోపల దాక్కుంది, దాన్ని పట్టుకోవడంలో నేను రెండు రోజులు ఆలస్యం చేశాను. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో జనరల్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. అపెండిక్స్ మాకు రోజువారీ పనే. మావైపు పెద్దవాళ్ళు దీన్ని ఇప్పటికీ "ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి" అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా అనుకుంటాను, ఆ ఇరవై నాలుగు గంటల్లోపు వచ్చేవాళ్ళు ఎంతమంది అని. ఈ ఇద్దరూ రాలేదు.

మొదటి మంచం

34 ఏళ్ల తాపీమేస్త్రి. సోమవారం సాయంత్రం పని మీద ఉండగా బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాసేమోనని సోడా తాగాడు. రాత్రి రెండుసార్లు వాంతి అయింది. మంగళవారం పొద్దుటికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. ఈ దిగడం అపెండిక్స్‌కి దాదాపు సంతకం లాంటిది. మొదట్లో వాపు అపెండిక్స్ లోపలే ఉంటుంది, అక్కడి నరాలకు ఎక్కడ నొప్పి పుడుతోందో సరిగ్గా చెప్పడం రాదు, అందుకే బొడ్డు దగ్గర అనిపిస్తుంది. వాపు గోడ దాటి పొట్ట లోపలి పొరకు తగిలాక, వేలుపెట్టి చూపించగలిగేంత స్పష్టంగా ఒకచోట నిలుస్తుంది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని బుధవారం కూడా పనికి వెళ్ళాడు. ఆ రాత్రి జరిగింది అతని మాటల్లోనే: "పదకొండింటికి ఒక్కసారిగా నొప్పి పోయింది సార్. హమ్మయ్య, మందు పనిచేసింది అనుకుని పడుకున్నా. తెల్లారేసరికి పొట్ట రాయిలా అయిపోయింది."

మందు పనిచేయలేదు. బిగిసిపోయిన అపెండిక్స్ పగిలి, లోపలి ఒత్తిడి తగ్గి, కాసేపు సుఖంగా అనిపించింది. కడుపునొప్పి కేసులో నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట "ఉన్నట్టుండి తగ్గిపోయింది" అన్నదే.

గురువారం ఉదయం మా దగ్గరికి వచ్చేసరికి నాడి 118, జ్వరం 101.4. పొట్ట కుడివైపు కింది భాగం చెక్కలా గట్టిగా ఉంది, ఎడమవైపు పైన ఇంకా మెత్తగానే ఉంది. తెల్లకణాలు 19,200. స్కాన్‌లో అపెండిక్స్ చుట్టూ చీము. ఆపరేషన్ తప్పదు, అందులో అనుమానం లేదు. ఎలా చేయాలన్నదే ప్రశ్న.

అతను పదిహేనేళ్ల వయసు నుంచీ బీడీలు కాలుస్తున్నాడు. మత్తు డాక్టరు గారు ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. రెండువైపులా పిల్లికూతలు. "పూర్తి మత్తు ఇస్తే తర్వాత గొంతులోంచి ట్యూబ్ తీయడానికి ఇబ్బంది పడతామేమో, వెన్నులో ఇద్దాం" అన్నారు. కీహోల్‌కి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి బుడగలా ఉబ్బించాలి. ఆ గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది. వెన్నులో మత్తుతోనే కీహోల్ చేసేవాళ్ళు ఉన్నారు, మాకు ఆ అలవాటు లేదు. అలవాటు లేని పనిని చీముపట్టిన పొట్ట మీద మొదలుపెట్టకూడదు. అలా కోత ఖాయమైంది. డబ్బు కారణం కాదు, కానీ అతని తల్లి మాత్రం చివరిదాకా "మా దగ్గర లేవనేగా అయ్యా కోశారు" అనే అనుకుంది.

బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక మొనదాకా గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడోవంతు దూరంలో ఒక చోటు ఉంటుంది. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో చెప్పిన చోటు అది. కోత అక్కడే. చర్మాన్నీ కొవ్వునీ కోస్తాం గానీ కింద ఉన్న కండరాలను కోయం. మూడు పొరల పోగులు మూడు దిక్కులకు పరిగెడతాయి, ఏ పొరని ఆ పోగుల వెంటే కత్తెర మొనతో విప్పుతూ పోతే తలుపుల్లా తెరుచుకుంటాయి. బయటికి వచ్చేటప్పుడు వాటంతట అవే మూసుకుంటాయి. నూట పాతికేళ్లు దాటినా ఈ కోత ఇంకా బతికుండడానికి కారణం ఈ తెలివే.

లోపలి పొర తెరవగానే చీము తోసుకుంటూ వచ్చింది, ఆ వాసన గదంతా నిండింది. పెద్దపేగు మీద ఉండే తెల్లటి పట్టీని వేలితో పట్టుకుని కిందికి వెళ్తే అది అపెండిక్స్ మొదలు దగ్గరికే తీసుకెళ్తుంది. చివర నల్లబడింది, మధ్యలో బఠాణీ గింజంత రంధ్రం. మొదలు మాత్రం ఆరోగ్యంగా ఉంది. అది బాగుంటే సగం గెలిచినట్టే, ముడి నిలుస్తుంది. ముడివేసి, కోసి, చీము పీల్చి, తడి గాజుగుడ్డతో తుడిచి బయటికి వచ్చాను. యాభై నిమిషాలు.

చర్మం దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఇంత చీము ఉన్నప్పుడు చర్మాన్ని మూయకుండా వదిలేసి నాలుగైదు రోజుల తర్వాత కుట్టే పాత పద్ధతి ఒకటి ఉంది. నేను ఎడంగా కుట్లు వేసి మూసేశాను.

ఐదోరోజు గాయం ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. తల్లి అప్పటికే తీర్పు చెప్పేసింది: "పప్పు పెట్టొద్దని మొత్తుకున్నా, కోడలు విన్నది కాదు." పప్పుకీ చీముకీ సంబంధం లేదని చెప్పాను, ఆమె నమ్మలేదు. కోడలు మాత్రం నా వైపు చూసి ఊపిరి పీల్చుకుంది. రెండు కుట్లు విప్పగానే రెండు చెంచాల చీము వచ్చింది, ఆ సాయంత్రానికే జ్వరం దిగింది. ఎనిమిదో రోజు ఇంటికి పంపించాను. ఆ తర్వాత రోజు మార్చి రోజు డ్రెస్సింగ్‌కి బస్సెక్కి వచ్చేవాడు. గాయం పూర్తిగా మానడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. కూలి పోయింది, బస్సు చార్జీలు అదనం. కానీ ఆ ఇరవై నాలుగు రోజుల్లో ఒక్కరోజు కూడా అతని గురించి నాకు టెన్షన్ లేదు. ఏం జరుగుతోందో ఎదురుగా కనబడుతూనే ఉంది.

రెండో మంచం

26 ఏళ్ల ప్రైవేటు స్కూల్ టీచర్. పెళ్ళయి రెండేళ్లు, పిల్లలు లేరు. మేస్త్రి ఆపరేషన్ అయిన రెండు రోజులకు వచ్చింది. మూడు రోజులుగా పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం. వేరేచోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మందులిచ్చారు. వాళ్ళని తప్పుపట్టను. అపెండిక్స్ కటి భాగంలోకి, అంటే తుంటి ఎముకల మధ్య గుంతలోకి, వేలాడుతుంటే అది మూత్రసంచినీ మలద్వారం పైభాగాన్నీ రెచ్చగొడుతుంది. పొట్ట మీద నొక్కితే పెద్దగా దొరకదు.

నొప్పి దిగిన తీరు, ఆకలి లేకపోవడం, వాంతి, జ్వరం, కుడివైపు నొప్పి, తెల్లకణాలు 16,400, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం 86 శాతం. అపెండిక్సేనా కాదా అని అంచనా వేసే అల్వరాడో మార్కుల లెక్క ప్రకారం పదికి తొమ్మిది. నొక్కి వదిలినప్పుడు పుట్టే నొప్పి ఒక్కటే లేదు. ఆడవాళ్ళలో ఈ లెక్క ఒక్కదాన్నే నమ్మను, అండాశయం తిత్తి మెలిపడినా, గర్భసంచి ట్యూబులో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇదే నాటకం ఆడతాయి. ప్రెగ్నెన్సీ పరీక్షలో లేదని తేలింది. స్కాన్‌లో అపెండిక్స్ 11 మిల్లీమీటర్ల లావు, లోపల గట్టిపడిన మలం రాయిలా, పక్కన కొద్దిగా ద్రవం. మామూలుగా ఆ లావు ఆరు దాటకూడదు.

భర్త చదువుకున్న కుర్రాడు, ఫోన్‌లో ఏదో చూసి అడిగాడు: "సార్, మందులతో తగ్గుతుందంటున్నారు కదా?" మంచి ప్రశ్నే. అమెరికాలో 1,552 మంది మీద చేసిన కోడా అనే ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. యాంటీబయాటిక్స్ మాత్రమే తీసుకున్నవాళ్ళలో పదిమందిలో ముగ్గురికి తొంభై రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. లోపల రాయి ఉన్నవాళ్ళలో అది పదికి నాలుగు. ఈమెకి రాయి ఉంది, పగిలిందన్న అనుమానమూ ఉంది. వద్దన్నాను.

ఇక్కడ కీహోల్ ఎంచుకోవడానికి నా కారణం మచ్చ కాదు. కుడివైపు చిన్న కోతలోంచి చూస్తే నాకు అపెండిక్స్ తప్ప పెద్దగా ఏమీ కనబడదు. బొడ్డులోంచి కెమెరా పెడితే గర్భసంచి, రెండు ట్యూబులు, రెండు అండాశయాలు, కాలేయం దాకా కనబడతాయి. జబ్బు అపెండిక్స్ కాకపోతే అసలు జబ్బేదో అక్కడే తెలుస్తుంది. ఆపరేషన్ ముందు అత్తగారు అడిగిన మాట మాత్రం గుర్తుండిపోయింది: "చిన్న చిన్న రంధ్రాలేగా డాక్టరు గారూ, రేపే పంపించేస్తారా?" నవ్వి తలూపాను. అప్పుడే ఆగి ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది.

రంధ్రాలు మూడు: బొడ్డు దగ్గర పది మిల్లీమీటర్లది ఒకటి, పొత్తికడుపులో ఐదుది, ఎడమవైపు కింద ఇంకో ఐదుది. మొత్తం కోతలు కలిపినా రెండు సెంటీమీటర్లే. పొట్టలో గ్యాస్ ఒత్తిడి 12 మిల్లీమీటర్ల మెర్క్యురీ దగ్గర ఉంచాం. బల్లని తలవైపు కిందికి, ఎడమ పక్కకి వంచితే పేగులు వాటంతట అవే పక్కకి జారి చోటిస్తాయి. కటి లోపల చీము, అందులో మునిగి అపెండిక్స్, రాయి ఉన్నచోటే పగిలింది. ట్యూబులు, అండాశయాలు ఎర్రబడ్డాయి గానీ మామూలుగానే ఉన్నాయి. రక్తనాళాన్ని కాల్చి, మొదలుకి దారపు ఉచ్చులు రెండు బిగించి, మధ్యలో కత్తిరించాను. ఖరీదైన స్టాప్లర్ అక్కర్లేదు, మొదలు బాగున్నప్పుడు ఉచ్చులు చాలు. తీసినదాన్ని గ్లవ్ వేలిని కత్తిరించి చేసిన సంచిలో వేసి బొడ్డులోంచి లాగాం. చీముపట్టిన ముక్క చర్మాన్ని తాకకుండా బయటికి రావాలి, కీహోల్ గాయాల్లో చీము తక్కువ పట్టడానికి పెద్ద కారణం అదే. రాయి ఊడి పడిపోయింది, వెతికి తీశాను. దాన్ని లోపల వదిలేస్తే చీముగడ్డకి విత్తనం వేసినట్టే.

తర్వాత మూడు లీటర్ల సెలైన్‌తో కడిగాను. డెబ్బై నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున్నే లేచి నడిచింది. కుడి భుజం లాగుతోందంది, గ్యాస్ వల్ల అలా ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది. నొప్పికి ఇంజెక్షన్ ఒక్కసారే అడిగింది. పక్క మంచం మేస్త్రి దగ్గాలంటే పొట్టకి దిండు అదుముకుని దగ్గుతుంటే, ఈమె కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటోంది. రెండు కుటుంబాలూ బిల్లులు, కుట్లు పోల్చుకున్నాయి. మేస్త్రి భార్య నాతో, "ఆమెకి చేసినట్టు మాకెందుకు చెయ్యలేదండీ" అంది. ఆ రోజుకి ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది.

మూడోరోజు జ్వరం లేదు, అన్నం తింటోంది, విరేచనం అయింది. ఇంటికి పంపించాను, ఐదు రోజులకు మాత్రలు రాసి.

ఐదోరోజు రాత్రి ఎనిమిదిన్నరకి భర్త ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఇంకో కేసు మధ్యలో ఉన్నాను, నర్స్ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది. "సార్, పొద్దుట్నుంచి ఆరేడుసార్లు విరేచనాలు. కొంచెం కొంచెమే, జిగటగా." యాంటీబయాటిక్ వల్ల అయ్యుంటుంది, ఓఆర్‌ఎస్ తాగించమన్నాను. జ్వరం ఉందా అని అడిగాను, లేదన్నాడు. నొప్పి మాత్రల్లో పారాసిటమాల్ ఉంది, ఉన్న జ్వరాన్ని అది కప్పేస్తుందన్న ఆలోచన నాకు తట్టలేదు.

"కొంచెం కొంచెమే, జిగటగా" అన్న మాట ఎంబీబీఎస్‌లో చదువుకున్నదే. కటి లోపల చీముగడ్డ కడితే అది మలద్వారం గోడని నొక్కి రెచ్చగొడుతుంది. మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే జిగట తప్ప ఏమీ రాదు. పరీక్షలో అడిగితే నిద్రలో కూడా చెప్పేవాణ్ణి. ఫోన్‌లో భర్త గొంతులో వచ్చేసరికి అది నాకు మామూలు విరేచనాల్లా వినబడింది. ఆమె బాగా నడిచిందనీ, కోతలు చిన్నవనీ, మూడోరోజే నవ్వుతూ వెళ్ళిందనీ నా మనసులో ఒక బొమ్మ ఉండిపోయింది. అత్తగారి "చిన్న చిన్న రంధ్రాలేగా" అన్న మాటని ఆమెకన్నా నేనే ఎక్కువ నమ్మినట్టున్నాను.

ఏడోరోజు సాయంత్రం చలిజ్వరంతో తీసుకొచ్చారు. 102.6. పొట్ట మెత్తగా ఉంది. పొట్ట మీద కుట్లు మూడూ శుభ్రంగా, ఫొటో తీసి చూపించేంత అందంగా ఉన్నాయి. మలద్వారంలోంచి వేలితో పరీక్ష చేస్తే ముందు గోడ మెత్తగా ఉబ్బి ఉంది, ముట్టుకోగానే విలవిల్లాడింది. స్కాన్‌లో గర్భసంచి వెనక ఐదున్నర సెంటీమీటర్ల చీముగడ్డ.

మూడు సెంటీమీటర్లలోపు ఉంటే చాలావరకు మందులతో చూస్తాం. ఇది పెద్దది, పైగా అదే దారి వెతుక్కుంటూ మలద్వారం గోడ మీదికి ఉబికింది. వెన్నులో మత్తిచ్చి, ముందు సూదితో లాగి చీమేనని తేల్చుకుని, అదే దారిలో ఫోర్సెప్స్‌తో తెరిచాను. సుమారు 120 మిల్లీలీటర్లు. పాతకాలపు పద్ధతే, పొట్ట మీద కొత్త కోత లేదు. ఆ చీముని ల్యాబ్‌లో కల్చర్ చేస్తే ఇ.కోలై అనే క్రిమి పెరిగింది, నేను మొదట ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగనిది. మందు మార్చాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. మొత్తం మీద ఆస్పత్రిలో తొమ్మిది రోజులు, మేస్త్రి కన్నా ఒకరోజు ఎక్కువ.

రెండూ పక్కపక్కన పెడితే

ఇద్దరు మనుషుల్ని బట్టి ఏ పద్ధతి మంచిదో తేల్చలేం. తేల్చడానికి పెద్ద లెక్కలు ఉన్నాయి. వైద్య ట్రయల్స్‌ని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2018లో 85 ట్రయల్స్, దాదాపు 9,800 మందిని కలిపి చూశారు. కీహోల్ అయినవాళ్ళకి గాయంలో చీము సగానికి తగ్గింది, నొప్పి తక్కువ, ఇంటికి ఒకరోజు ముందు వెళ్ళారు, పనిలోకి ఇంకా ముందే. పెద్దవాళ్ళలో పొట్ట లోపలి చీముగడ్డ మాత్రం కీహోల్‌లోనే కొంచెం ఎక్కువ కనబడింది. ఈ ఆధారాల నాణ్యత అంత గట్టిది కాదని వాళ్ళే రాశారు. అయినా మా రెండు మంచాలూ ఆ వాక్యాన్ని బొమ్మగీసి చూపించినట్టే ఉన్నాయి.

లోపలి చీముకి కారణం నేను కడిగిన మూడు లీటర్లేనా? చెప్పలేను. తల కిందికి ఉన్నప్పుడు పోసిన నీళ్ళు చీముని మోసుకుంటూ కాలేయం దాకా వెళ్తాయి, లేచి కూర్చున్నాక మళ్ళీ కటిలోకి దిగుతాయి, ఆ వాదన వినడానికి బాగానే ఉంటుంది. అమెరికాలో కాన్సస్ సిటీ పిల్లల ఆస్పత్రి వాళ్ళు పగిలిన అపెండిక్స్ ఉన్న 220 మంది పిల్లల్ని రెండు జట్లు చేసి 2012లో ఫలితం చెప్పారు. కడిగినవాళ్ళకీ, చీము పీల్చి వదిలేసినవాళ్ళకీ తేడా లేదు. అంటే కడగడం వల్ల నష్టం జరిగిందని రుజువు కాలేదు గానీ లాభం కూడా లేదు. నేనిప్పుడు చీము ఉన్నచోటే పీల్చి ఆపేస్తున్నాను. ఆమెకి కోత ఆపరేషన్ చేసి ఉన్నా కటిలో గడ్డ కట్టి ఉండేదేమో. అపెండిక్స్ ఉన్న చోటు అలాంటిది, వచ్చిన రోజు అలాంటిది, ఆ క్రిమి నా మందుకి లొంగలేదు.

కీహోల్ అంటే సర్జన్లు ముఖం చిట్లించిన రోజులు మరీ పాతవేం కాదు. 1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు మొదటిసారి ఇలా అపెండిక్స్ తీస్తే, ఆయన్ని వైద్యం చేయకుండా ఆపాలని అక్కడి సర్జన్ల సంఘం అధ్యక్షుడు ఉత్తరం రాశాడు. ఇప్పుడు గాలి పూర్తిగా అటు తిరిగింది. కొత్తగా వచ్చే పీజీల్లో కొందరు కోత అపెండిక్స్ సొంతంగా చేసింది తక్కువే. కెమెరా లైటు ఆరిపోయినా, పేగులు అతుక్కుపోయి దారి దొరకకపోయినా చేతికి రావాల్సింది ఆ కోతే. కీహోల్ మొదలుపెట్టి కోతకి మారడాన్ని ఫెయిల్యూర్ అని రాసే అలవాటు పోవాలి.

ఇప్పుడు నాకు ఎంపిక వస్తే? పిల్లలు కావాలనుకునే వయసు ఆడవాళ్ళకీ, లావుగా ఉన్నవాళ్ళకీ, అనుమానం తీరనివాళ్ళకీ కీహోలే. లావుగా ఉన్నవాళ్ళకి కోతలోంచి అపెండిక్స్‌ని చేరడానికి కోత పెరుగుతూనే పోతుంది. మేస్త్రి లాంటి ఊపిరితిత్తులైతే మళ్ళీ కోతే చేస్తాను, చర్మం మాత్రం ఆ రోజు మూయను. టీచరు లాంటామెకి మళ్ళీ కీహోలే చేస్తాను. ఆపరేషన్ విషయంలో నేను మార్చుకున్నది అంతే.

ఆర్నెల్ల తర్వాత

మేస్త్రికి కుడివైపు ఏడు సెంటీమీటర్ల మచ్చ, మధ్యలో కుట్లు విప్పినచోట వేలి గోరంత వెడల్పు. సిమెంటు బస్తా ఎత్తొచ్చా అని అడిగాడు. దగ్గించి చూశాను, ఉబ్బు లేదు, ఎత్తొచ్చన్నాను. బీడీ మానలేదు. టీచరు స్కూలుకి వెళ్తోంది. పిల్లలు పుట్టడంలో ఇబ్బంది వస్తుందా అని ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడిగింది. కటిలో చీము చేరితే ట్యూబుల చుట్టూ అతుకులు పడే అవకాశం ఉంటుంది, ఏడాది చూసి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్దాం, ఆపరేషన్ రోజున మాత్రం రెండు ట్యూబులూ బాగానే ఉండడం నా కళ్ళతో చూశాను అని చెప్పాను. ఆ మాట కోత ఆపరేషన్ చేసి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాదు.

మా డిశ్చార్జ్ కాగితం ఇంగ్లీషులో ఉండేది. ఇప్పుడు దాని కింద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక పెట్టె ఉంది: "కుట్లు బాగున్నా సరే, పది రోజుల్లోపు చలిజ్వరం వచ్చినా, కొంచెం కొంచెంగా జిగట విరేచనాలు అయినా, మూత్రం మాటిమాటికీ వచ్చినా ఫోన్ కాదు, మనిషి రావాలి." ఆ పెట్టె పెట్టాక నలుగురు వచ్చారు. ముగ్గురివి మామూలు విరేచనాలే, పరీక్ష చేసి పంపించాను. నాలుగో ఆయనకి స్కాన్‌లో రెండు సెంటీమీటర్ల చీము కనబడింది. మందులతోనే తగ్గింది.